పిల్లల కళాశాల చదువుకు పొదుపు: ఎంత, ఎక్కడ, ఎప్పటికి?

పిల్లల పై చదువు కోసం పొదుపు చేసే తల్లిదండ్రులు సాధారణంగా "ఎక్కడ వడ్డీ ఎక్కువ?" అని అడుగుతారు. దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది: ఫీజు కట్టవలసిన సంవత్సరానికి ఆ డబ్బు చేతికి వస్తుందా? మీలో చాలామంది పిల్లల్ని పెంచుతూ చదువుతున్నవారే. కాబట్టి ఈ పాఠ్యాంశాన్ని మీ ఇంటి లెక్కతో పోల్చుకుంటూ చదవండి.

1. అవసరాన్ని అంచనా వేయడం

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో చిన్న దుకాణం నడుపుకొనే దంపతులకు 8 ఏళ్ళ కూతురు ఉందనుకుందాం. ఆమె 16వ ఏట ఇంటర్‌లో, 18వ ఏట డిగ్రీలో చేరుతుంది. అంటే మొదటి పెద్ద ఖర్చుకు 8 ఏళ్ళు, రెండో దానికి 10 ఏళ్ళు వ్యవధి ఉంది. నేడు లక్ష రూపాయలున్న ఫీజు ఏటా 6 శాతం పెరిగితే పదేళ్ళకు సుమారు 1.79 లక్షలవుతుంది. లక్ష్యం ఈ పెరిగిన మొత్తమే గాని నేటి ఫీజు కాదు.

2. గడువును సరిచూడడం

2015లో మొదలైన సుకన్య సమృద్ధి ఖాతాను పదేళ్ళలోపు ఆడపిల్ల పేరిట పోస్టాఫీసులో గాని, బ్యాంకులో గాని తెరవవచ్చు. ఏడాదికి కనీసం 250, గరిష్ఠంగా 1.5 లక్షల రూపాయలు కట్టవచ్చు. 2024 జనవరిలో దీని వడ్డీ 8.2 శాతమైంది. రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది.

ఈ దంపతులు నెలకు 2,000 చొప్పున కడితే, అదే రేటు కొనసాగితే, పదేళ్ళలో కట్టిన 2.4 లక్షలు సుమారు 3.66 లక్షలవుతాయి. అయితే ఖాతా గడువు తెరిచిన నాటి నుంచి 21 ఏళ్ళు. అప్పటికి కూతురికి 29 ఏళ్ళు! పదో తరగతి పాసైన తరువాత లేదా 18 ఏళ్ళు నిండిన తరువాత చదువు కోసం తీసుకోగలిగేది గత ఆర్థిక సంవత్సరాంతపు నిల్వలో సగం మాత్రమే. అదీ ఫీజు మేరకే. కాబట్టి మిగతా భాగానికి ఐదేళ్ళ పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ వంటి, ముందే చేతికందే పొదుపు కూడా ఉండాలి.

3. భద్రతను పరిశీలించడం

2001లో జంటనగరాల్లో కృషి కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కుప్పకూలినప్పుడు డిపాజిటర్లు తీవ్రంగా ఇబ్బంది పడ్డారు. అప్పట్లో డిపాజిట్ బీమా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి లక్ష రూపాయల వరకే ఉండేది. 2020 ఫిబ్రవరి 4న దానిని 5 లక్షలకు పెంచారు. చీటీలకు ఈ బీమా వర్తించదు. చీటీ వేయదలిస్తే అది 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరైనదో లేదో చూడండి. ఫీజు గడువు దగ్గరపడ్డాక అవసరపడి ఎక్కువ తగ్గింపుకు పాడితే చేతికొచ్చే మొత్తం తగ్గిపోతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

మీ ఇంట్లోని ప్రతి పొదుపుకూ మూడు విషయాలు రాయండి: గడువు తీరే సంవత్సరం, ఆనాటికి బిడ్డ వయసు, మధ్యలో తీసుకోగలిగిన మొత్తం. ఫీజు కట్టవలసిన ఏ సంవత్సరం ఖాళీగా మిగిలింది?