అయ్యగారి జేబులోని ఫోను

స్త్రీల కూటము ముగిసిన తరువాత ఒక సహోదరి, అందరూ వెళ్లేవరకు ఆగి, అయ్యగారి దగ్గరకు వస్తుంది. భర్త త్రాగుడును గూర్చి, పెద్దమ్మాయికి తప్పిపోయిన సంబంధమును గూర్చి చెప్పి కన్నీరు పెట్టుకుంటుంది. అయ్యగారు ప్రార్థనలో మరువకుండా ఆ మాటలు వ్రాసుకుంటారు. ఒకప్పుడు ఆ పుస్తకము బీరువాలో తాళము వేసి ఉండేది. ఇప్పుడు ఆ మాటలు సెల్‌ఫోనులో ఉంటున్నాయి. సంఘస్థులందరి నంబర్లు, ఆసుపత్రి చీటీల ఫోటోలు, అర్ధరాత్రి వాట్సాప్‌లో వచ్చిన మొరలు కూడా అందులోనే ఉన్నాయి.

"బాబూ, ఈ బీరువా తాళము నా దగ్గరే ఉందంటావా?" అని మా అయ్యగారు ఒకనాడు నన్ను అడిగారు. కంప్యూటరు పని కొంచెము తెలిసినవాడనని నన్ను అడిగారు గాని, వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

2020 డిసెంబరులో మన రాష్ట్రములలో జరిగినది చాలామందికి జ్ఞాపకముండే ఉంటుంది. నిమిషములలో అప్పు ఇస్తామన్న యాప్‌లు ముందుగా కాంటాక్టులకు, ఫోటోలకు అనుమతి తీసుకున్నాయి. కిస్తీ ఆలస్యమైతే బంధువులకు, స్నేహితులకు పరువు తీసే సందేశములు పంపాయి. ఆ అవమానము భరించలేక తెలంగాణలో కొందరు ప్రాణములు కోల్పోయారు. అనుమతి నొక్కినది ఒక్కడు, వీధిన పడినవి ఎందరి పేర్లో! 2023 మే 31 నుండి ప్లే స్టోరులోని అప్పుల యాప్‌లు కాంటాక్టులను, ఫోటోలను ముట్టరాదని గూగుల్ నియమము పెట్టింది.

యాప్‌ల మాట అటుంచండి. ఫోను తానే ఎంత మాట్లాడుతుందో 2021లో డబ్లిన్ ట్రినిటీ కాలేజీ ఆచార్యుడు డగ్లస్ లీత్ పరీక్షించి చూశారు. వాడకుండా బల్లమీద పెట్టినప్పటికీ ఆండ్రాయిడ్ ఫోను, ఐఫోను సగటున 4.5 నిమిషములకు ఒకసారి తమ కంపెనీకి సమాచారము పంపుతున్నాయని తేలింది. అదే ఏడు ఆయన, ఎడిన్‌బరో పరిశోధకులు కలిసి శాంసంగ్, షియోమీ, రియల్‌మీ మొదలైన ఫోన్లను చూశారు. అన్నింటిలో "ఈ ఓఎస్" అనే వ్యవస్థ ఒక్కటే దాదాపు ఏమీ పంపకుండా ఊరకున్నది.

ఆండ్రాయిడ్ మూలము అందరికీ తెరచి ఉంచినది. దానిని తీసుకొని, గూగుల్ భాగములు తొలగించి, వేరే ఆపరేటింగ్ సిస్టమ్‌గా కూర్చి కొందరు ఉచితముగా ఇస్తున్నారు. లీనియేజ్ ఓఎస్ 2016 డిసెంబరులో మొదలైనది. ఈ ఓఎస్, గ్రాఫీన్ ఓఎస్ కూడా ఇటువంటివే. అయితే లీనియేజ్ వేసి, దాని మీద మరల గూగుల్ యాప్‌లన్నీ ఎక్కిస్తే, పాత కథే మొదలవుతుందని అదే పరిశోధనలో కనబడింది.

అయ్యగారికి చిన్న ఫోను కావాలి. ఒక చేతిలో బైబిలు ఉంటుంది, రెండవ చేతి బొటనవ్రేలితోనే పని జరగాలి, చొక్కా జేబులో పట్టాలి. పైగా పాతది, తక్కువ ధరకు వచ్చేది కావాలన్నారు. నేను మొదట పిక్సెల్ 4ఎ చూపించాను. 2020లో వచ్చినది, 5.8 అంగుళముల తెర, 143 గ్రాముల బరువు, చెవి తీగకు రంధ్రము కూడా ఉన్నది. శాంసంగ్ గెలాక్సీ ఎస్10ఇ కూడా అదే పరిమాణము, 2019 నాటిది. రెండింటికీ లీనియేజ్ ఎక్కుతుంది. నాకు ఎంతో నచ్చాయి.

తరువాత చదివేకొలది నా ఉత్సాహము తగ్గింది. స్వచ్ఛందముగా పనిచేసేవారు ఆండ్రాయిడ్‌ను క్రొత్తది చేయగలరు గాని, చిప్పులోను, సిగ్నల్ అందుకునే మోడెములోను ఉండే ప్రోగ్రాములను బాగుచేయవలసినది తయారుచేసిన కంపెనీయే. 4ఎకు ఆ మరమ్మతులు 2023 ఆగస్టుతో ఆగిపోయాయి. ఎస్10ఇ సంగతీ అంతే. దూలమునకు చెద పట్టిన ఇంటికి క్రొత్త తలుపులు బిగించినట్లు ఉంటుంది. ఎవరికీ సమాచారము పంపని ఫోను కావడము ఒకటి, దొంగ చొరబడలేని ఫోను కావడము వేరొకటి. నేను ఆ రెండింటినీ ఒకటే అనుకున్నాను. 4ఎ బ్యాటరీ మాట కూడా ఉన్నది. 2025 జనవరిలో గూగుల్ ఒక అప్‌డేట్ పంపి, కొన్ని 4ఎ ఫోన్ల బ్యాటరీ సామర్థ్యమును తగ్గించింది.

కాబట్టి ఫోను ఏ సంవత్సరములో వచ్చిందని గాక, కంపెనీ మరమ్మతులు ఏ సంవత్సరము వరకు ఇస్తుందని చూడాలి. పిక్సెల్ 6ఎకు 2027 జూలై వరకు, 2023లో వచ్చిన పిక్సెల్ 8కు 2030 అక్టోబరు వరకు ఇస్తామని గూగుల్ చెప్పింది. గ్రాఫీన్ ఓఎస్‌ను పెంచినదే పిక్సెల్ ఫోన్ల మీద. గూగుల్ చూపు తప్పించుకోవడానికి గూగుల్ ఫోనే కొనవలసి రావడము అయ్యగారికి నవ్వు తెప్పించింది. కారణము ఉన్నది. వేరే వ్యవస్థ వేసిన తరువాత కూడా ఆ ఫోనుకు మరల తాళము బిగించవచ్చు. చాలా ఫోన్లలో అది తెరచిన తలుపుగానే మిగిలిపోతుంది.

సెకండ్‌హ్యాండ్ ఫోను కొనేవారు డబ్బు ఇవ్వకముందే సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు తాకి, డెవలపర్ ఆప్షన్స్‌లో "ఓఈఎం అన్‌లాకింగ్" మీట కదులుతుందో లేదో ఇంటర్నెట్ పెట్టి చూడండి. కదలకపోతే ఆ ఫోను మీ పనికి రాదు. అమెరికాలోని మేనల్లుడు పంపినదైనా సరే, అక్కడి వెరైజాన్ కంపెనీ అమ్మిన పిక్సెల్ అయితే ఆ మీట కదలదు. ఐఎంఈఐ నంబరును సంచార్ సాథీ యాప్‌లో చూస్తే దొంగిలించిన ఫోనా కాదా తెలుస్తుంది. జియో సిమ్ వాడేవారికి మరొక మాట. జియోకు 2జి, 3జి లేవు. క్రొత్త వ్యవస్థలో వోల్టీ పనిచేయకపోతే ఫోను మ్రోగనే మ్రోగదు.

తాళము విప్పగానే ఫోనులోనిదంతా చెరిగిపోతుంది. ఈ మాట తెలిసి కూడా నేను నా పాత ఫోనుతో మొదట సాధన చేసినప్పుడు, మా అమ్మాయి బాప్తిస్మము ఫోటోలు కాపీ చేయకుండా పోగొట్టుకున్నాను. మా ఇంటావిడ ఇంకా మరచిపోలేదు.

డబ్బు యాప్‌ల దగ్గర చిక్కు ఉన్నది. యూపీఐ, బ్యాంకు యాప్‌లలో కొన్ని ఇటువంటి ఫోనులో తెరుచుకోవు. గ్రాఫీన్ మీద చాలావరకు నడుస్తాయి గాని అన్నీ నడుస్తాయని చెప్పలేము. మందుల షాపులో, ఎరువుల కొట్టులో ఫోనుతోనే చెల్లించే కుటుంబము ఉన్న ఒక్క ఫోనునూ మార్చివేయడము నాకు మంచిదనిపించదు. అటువంటివారు అక్కరలేని యాప్‌లు తీసివేసి, కాంటాక్టుల అనుమతులు ఆపి, వాట్సాప్ బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ పెట్టుకుంటే చాలా మేలు. దీనికి ఖర్చు ఏమీ లేదు.

మా అయ్యగారు సెకండ్‌హ్యాండ్ పిక్సెల్ 8 తీసుకున్నారు. గ్రాఫీన్ వేయడానికి నాకు ఒక సాయంత్రము పట్టింది. చెల్లింపులన్నీ అమ్మగారి ఫోనులోనే జరుగుతున్నాయి. 187 గ్రాములు, 4ఎ కంటే బరువు. చొక్కా జేబు ఒక ప్రక్కకు లాగుతున్నదని అప్పుడప్పుడు సణుగుతుంటారు.