ఆకు మడతల గడ్డ

పత్తి ఏరేటప్పుడో, నీళ్లు పోసుకునేటప్పుడో రొమ్ములో గడ్డ చేతికి తగులుతుంది. నొప్పి లేదు కదా అని పంట ఇంటికొచ్చేదాకా ఆగేవాళ్లే ఎక్కువ. ఆ తర్వాతే కర్నూలు పెద్దాసుపత్రికో, కడప రిమ్స్‌కో ప్రయాణం.

‘క్యాన్సర్ కాదు’ అని డాక్టరు అంటే సగం భారం దిగుతుంది. నిజంగానే రొమ్ము గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. వయసు పిల్లల్లో తరచూ కనిపించే ఫైబ్రోఅడినోమా వేలి కింద గోలీలా జారిపోతుంది. చిక్కంతా దాని వేషంలో వచ్చే ఇంకో గడ్డతోనే.

దాని పేరు ఫిల్లోడ్స్. రొమ్ము గడ్డలు వంద తీస్తే అందులో ఇది ఒక్కటి ఉండటమూ అరుదే. నలభైల్లో ఉన్నవాళ్లకు ఎక్కువగా వస్తుంది, కొన్ని నెలల్లోనే పిడికిలంత కావచ్చు. 1838లో జర్మనీకి చెందిన యోహానెస్ ముల్లర్ దీన్ని వర్ణించాడు. కోసి చూస్తే లోపల ఆకుల మడతల్లా ఉంది. గ్రీకులో ఆకును ఫిల్లాన్ అంటారు, పేరు అలా వచ్చింది. ఆయన ఆ పేరుకు ‘సార్కోమా’ అని కూడా తగిలించాడు. మాంసంలా ఉందనే ఆయన ఉద్దేశం. ఇవాళ ఆ మాటకు క్యాన్సర్ అనే అర్థం కాబట్టి వింటే గుండె జారుతుంది! ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో ‘ఫిల్లోడ్స్ ట్యూమర్’ అన్న పేరు ఖాయం చేసింది. వీటిలో ఎక్కువ సాధు గడ్డలే. కొన్ని మధ్యరకం, కొన్ని మాత్రం క్యాన్సర్.

గుర్తించేదెలా? చేత్తో చూడటం, స్కానింగ్, సూది పరీక్ష: మూడూ కలిపి చూడాలి. సన్నసూదితో వచ్చేవి విడి కణాలే. ఆకు మడత కనబడాలంటే లావు సూదితో దారప్పోగంత కండ తియ్యాలి. అదీ ఒక్కోసారి తేల్చదు. గడ్డ మొత్తం తీసి, కణాలు ఎంత కిక్కిరిసి ఉన్నాయో, ఎంత వేగంగా చీలుతున్నాయో, అంచు ఎలా ఉందో సూక్ష్మదర్శిని కింద చూసిన పెథాలజిస్టుదే చివరి మాట.

ఆపరేషన్‌లోనూ తేడా ఉంది. ఫైబ్రోఅడినోమాను శనక్కాయ వలిచి గింజ తీసినట్టు తియ్యొచ్చు. ఫిల్లోడ్స్‌ను అలా తీస్తే అంచున మిగిలిన పోగుల నుంచి మళ్లీ మొలుస్తుంది. మొక్కను మట్టిగడ్డతో పెకలించినట్టు, చుట్టూ మంచి కండతో కలిపి కొయ్యాలి. సెంటీమీటరు వదలాలన్నది పాత లెక్క. సాధు రకానికి అంచులో గడ్డ మిగలకపోతే చాలని ఇప్పుడు చాలామంది సర్జన్లు అంటున్నారు. ఈ రకానికి కీమో అక్కర్లేదు, చంకలో గ్రంథులు తియ్యాల్సిన పనీ లేదు.

మళ్లీ వస్తే సాధారణంగా మొదటి రెండు మూడేళ్లలోనే వస్తుంది. అప్పుడు డాక్టరు ముందుగా అడిగేది పాత ముక్క పరీక్ష కాగితాన్నే.