రాత్రికి రాత్రి దేశం మారిన పల్లె

సిమ్లా ఒప్పందం ప్రసక్తి వచ్చినప్పుడల్లా 93 వేల మంది యుద్ధ ఖైదీలను గురించి, చేజారిన అవకాశాన్ని గురించి సభ్యులు ఆవేశంగా ప్రసంగించడం పార్లమెంటు పత్రికా గ్యాలరీ నుంచి ఎన్నోసార్లు విన్నాను. టుర్టుక్ పేరు మాత్రం నా చెవిన పడలేదు.

లడఖ్‌లో, లేహ్‌కు సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, శ్యోక్ నది ఒడ్డున ఉన్న చిన్న పల్లె అది. జనం బాల్టీలు, మతం ఇస్లాం, భాష టిబెటన్‌కు దగ్గరి చుట్టం. హైదరాబాదు విందుల్లో మనం రుచి చూసే ఖుబానీ పండ్లకు ఆ ఊరి తోటలు పేరుపడ్డవి.

1971 డిసెంబరు దాకా అది పాకిస్తాన్ అధీనంలో ఉండేది. ఆ నెల యుద్ధంలో మేజర్ చెవాంగ్ రించెన్ నాయకత్వాన మన సైనికులు చలుంకా, టుర్టుక్, త్యాక్షి, థాంగ్ గ్రామాలను స్వాధీనం చేసుకున్నారు. మరుసటి జూలైలో సిమ్లాలో కుదిరిన ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ సరిహద్దు దాటి ఆక్రమించిన నేలను ఉభయులూ వదులుకున్నారు. జమ్మూ కాశ్మీరులో మాత్రం డిసెంబరు 17 నాటికి ఎవరి చేతిలో ఉన్నది వారికే మిగిలింది. అదే అధీనరేఖ.

రేఖ భూమిని పంచింది సరే, మనుషుల మాటేమిటి? చదువుకో, పనికో స్కర్దూ వైపు వెళ్లినవారు అక్కడే చిక్కుకుపోయారు. భర్త అటు, భార్య ఇటు అయిన కుటుంబాలున్నాయి. థాంగ్ నుంచి చూస్తే ఆవలి ఫ్రానో గ్రామం కంటికి ఆనుతుంది. అయినా అక్కడికి చేరాలంటే ఢిల్లీలో వీసా సంపాదించి, అట్టారి దాటి, లాహోరు మీదుగా మళ్లీ ఉత్తరానికి ప్రయాణం కట్టాలి. పహల్గాం దాడి తరువాత, 2025 ఏప్రిల్‌లో, అట్టారి ద్వారం కూడా మూసివేశారు.

1994 ఫిబ్రవరి 22న పార్లమెంటు ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం ప్రకారం జమ్మూ కాశ్మీరు యావత్తూ భారతదేశంలో అంతర్భాగమే. అంటే స్కర్దూ కూడా మనదే. అక్కడున్న అన్నను చూడాలంటే టుర్టుక్ రైతుకు పాకిస్తాన్ వీసా కావాలి! ఈ వైపరీత్యం మన వక్తలకు తట్టకపోవడం నాకు ఆశ్చర్యమే.

2010లో ఊరిని పర్యాటకులకు తెరిచారు. ఇప్పుడు అతిథి గృహాలు వెలిశాయి; నాలుగు డబ్బులు చేరుతున్నాయి. ఆవలి ఊరిని దుర్భిణీలో చూడడం యాత్రికులకు వేడుక.

శ్రీనగర్–ముజఫరాబాద్ బస్సు 2005లో మొదలై 2019లో ఆగిపోయింది. ఉన్నన్నాళ్లు కొందరైనా అయినవాళ్లను చూసుకున్నారు. కార్గిల్–స్కర్దూ రోడ్డును తెరవాలని లడఖ్ వాసులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. 1948లో మూతపడిన ఆ దారిలో నేటికీ ఒక్క బస్సు నడవలేదు.