బయాలజీ అంటే నీట్ ఒక్కటే కాదు

2025 నవంబర్‌లో మదీనా దారిలో ఉమ్రా యాత్రికుల బస్సు కాలిపోయిన రోజు, జుబైల్‌లో మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. పోయినవాళ్ళు 40 మందికి పైనే, ఎక్కువమంది మన హైదరాబాదువాళ్ళు. ముఖం చూసి గుర్తుపట్టే వీల్లేక బంధువులు వచ్చి డీఎన్ఏ నమూనాలు ఇచ్చారు. "ఆ పరీక్ష చేసేవాళ్ళు ఏం చదువుతారు నాన్నా?" అని అడిగింది పన్నెండో తరగతి చదువుతున్న మా అమ్మాయి. నీట్ తప్ప మరో మాట తెలియని నేను ఆరా తీశాను. తెలిసింది మీకూ చెబుతున్నాను.

రక్తం, లాలాజలం, వెంట్రుక, ఎముక ఎవరివో తేల్చే చదువు ఫోరెన్సిక్ బయాలజీ. బిడ్డకు డీఎన్ఏ సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి వస్తుంది. అందుకే దేహాన్ని గుర్తించడానికి ముందుగా తల్లిదండ్రుల, పిల్లల నమూనాలు అడుగుతారు. మన దేశంలో ఈ విద్యకు పునాది పడింది హైదరాబాదులోనే. సీసీఎంబీలో డాక్టర్ లాల్జీ సింగ్ దీనికి ఆద్యులు. తర్వాత దీనికోసమే సీడీఎఫ్‌డీ వెలిసింది.

ఇంటర్ తర్వాత రెండు దారులున్నాయి. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఐదేళ్ళ ఎమ్మెస్సీ చేయొచ్చు. లేదా జెనెటిక్స్, బయోటెక్నాలజీతో బీఎస్సీ చేసి, ఆపై ఫోరెన్సిక్ ఎమ్మెస్సీకి వెళ్ళొచ్చు. ఇక్కడ రియాద్‌లోని నాయిఫ్ అరబ్ యూనివర్సిటీలోనూ ఫోరెన్సిక్ కోర్సులున్నాయి. మన పిల్లలకు ప్రవేశం ఉందో లేదో ముందే కనుక్కోండి.

మరి ఉద్యోగాలు? 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నేర విచారణ చట్టం ప్రకారం, ఏడేళ్ళు ఆపైన శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్ళాలి. దీన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ళ గడువిచ్చారు. కాబట్టి అవసరం పెరుగుతుంది. కానీ ప్రభుత్వ పోస్టులు నోటిఫికేషన్ వస్తేనే దొరుకుతాయి, ఓపిక కావాలి. సౌదీకరణ నడుస్తున్న ఈ రోజుల్లో ఇక్కడి ల్యాబులను నమ్ముకుని చదివించకండి.

టీవీ సీరియళ్ళలో చూపించే హడావుడి ఇందులో ఉండదు. రోజంతా ల్యాబు, రిపోర్టులు, కోర్టులో లాయర్ల ప్రశ్నలు. ఒక్క పొరపాటు చాలు, నిరపరాధి జైలుకు పోవచ్చు.

మేమైతే జెనెటిక్స్ బీఎస్సీ వైపే మొగ్గాం. ఫోరెన్సిక్ కుదరకపోయినా ఆస్పత్రుల జన్యు పరీక్షల ల్యాబుల్లో పని దొరుకుతుంది. మావిడ మాత్రం ఇంకా, "నీట్ ఒక్కసారి రాయిద్దామండీ" అంటూనే ఉంది. రాయనిద్దాం. కానీ సీటు రాకపోతే అమ్మాయి తల దించుకోవాల్సిన పనిలేదని ఇప్పుడు మా ఇద్దరికీ తెలుసు.