గాయము మానువఱకు పశువును నాకనీయరాదు

పశువు తన పుండును తానే నాకి మాన్చుకొనునని మన పల్లెలలో చిరకాలముగ నొక నమ్మకము కలదు. ముండ్లతీగ గీచుకొని ఎద్దు తొడ చీలినను, శస్త్రచికిత్స చేయించిన కాపుకుక్క తన కుట్లను నాకుచున్నను, నాకుటయే మందని ఊరకుండువారు పెక్కురు. ఈ నమ్మకములో సగము మాత్రమే నిజమని సభ్యులకు తెలుపగోరుచున్నాము.

చొంగ గాయముపైనున్న మట్టిని కొంత కడుగును. సూక్ష్మజీవులను చంపు పదార్థములును అందు కొలదిగా గలవు. ఇంతవఱకు నిజమే. కాని చీము పుట్టించు సూక్ష్మజీవులును ఆ నోటిలోనే యుండును. ఎద్దు నాలుక ఆకురాయివలె గరుకైనది. క్రొత్తగా పుట్టుచున్న లేతచర్మమును అది గీకివేయును. కుక్క కుట్లను పండ్లతో తెంపుకొనును. ఎప్పుడును తడిగానుండు పుండుపై ఈగలు వ్రాలి గ్రుడ్లు పెట్టును. పిదప పురుగులు పడును. పది పదునైదు దినములలో మానవలసిన గాయము నెల దాటినను మానదు. ఏరువాకనాటికి ఎద్దు కొట్టములో నిలిచిపోయినచో ఆ రైతునకు గలుగు నష్టమును వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంతకంటె ఘోరమైన అపాయ మొకటి కలదు. పుండులోని పురుగులు చచ్చునని పైరుపై చల్లు మందును అందు పోయుట కొందఱకు వాడుక. పశువు దానిని నాకినచో చొంగ కార్చుచు, వణకుచు, ప్రాణమే విడువవచ్చును. పైరుమందు పుండునకు మందు కాదు.

నాకుచున్న పశువును కొట్టుట వ్యర్థము. దురదయు నొప్పియు నున్నంతకాలము అది నాకుచునే యుండును. కావున మొదట గాయమును శుభ్రపఱుపవలెను. కాచి చల్లార్చిన లీటరు నీటిలో తొమ్మిది గ్రాముల ఉప్పు కలిపి, దానితో కడిగి, మెత్తని శుభ్రమైన గుడ్డతో తడి అద్దవలెను.

పిదప నోరు గాయమున కందకుండ చేయవలెను. కుప్పనూర్పులలో ఎద్దులకు కట్టు చిక్కము ఇందులకును పనికివచ్చును. అది వదులుగా నుండవలెను, మేతకును నీళ్లకును విప్పవలెను. లేదా బొటనవ్రేలి లావుగల వెదురుకఱ్ఱలను దవడనుండి భుజమువఱకు వచ్చు పొడవున కోసి, కొనలు నునుపుచేసి, రెండు త్రాళ్లతో దడివలె అల్లి మెడచుట్టు కట్టవలెను. అప్పుడు పశువు మెడను వెనుకకు త్రిప్పజాలదు. మేతను కొంచెము ఎత్తున నుంచవలెను. ప్రక్కనున్న పశువును గాయమును నాకును గనుక దానిని దూరముగ కట్టవలెను.

కుక్కకు గరాటువంటి పట్టీని మెడకు తొడుగుదురు. దాని అంచు ముక్కుకొనను దాటి యుండవలెను. మెడకును పట్టీకిని నడుమ రెండు వ్రేళ్లు దూరవలెను. కుక్క దీనులయై చూచినదని జాలిపడి నడుమ తీసివేయరాదు. కుట్లు విప్పువఱకు, అనగా సాధారణముగ పది పదునాలుగు దినములు, ఉంచవలెను.

ఈనిన ఆవు తన దూడను నాకుటను మాత్రము ఆపరాదు. దానివలన దూడ ఒడలు ఆరును, ఊపిరి చక్కగా ఆడును. అయితే దూడ బొడ్డునకు టింక్చరు అయొడిన్ పూసి, తక్కిన దూడలు దానిని చీకకుండ చూడవలెను.

తుదకు మనుష్యుల మాట. మన కాలిపుండును కుక్కచే నాకించుకొనుట మిక్కిలి ప్రమాదకరము. కుక్కకు పిచ్చి యున్నచో, కఱవకున్నను, చొంగ పుండులో పడినంతనే ఆ వ్యాధి సోకవచ్చును. లక్షణములు పొడసూపిన పిమ్మట బ్రతుకుట దుర్లభము. అట్లు జరిగినచో వెంటనే సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి, ఆ దినమే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను.

గాయము లోతైనను, దుర్వాసన వచ్చినను, పురుగులు పడినను, పశువు మేత మానినను జాగు చేయక పశువైద్యునకు చూపవలెను. చిక్కమునకును నాలుగు వెదురుకఱ్ఱలకును అగు వ్యయ మెంత? ఎద్దు విలువ యెంత? సభ్యు లాలోచింతురుగాక.