వంటింటి పొగగొట్టం: ఇంటిల్లిపాది ఊపిరికి రక్ష

రోగానికి మందు వెదకడానికి ముందు, ఆ రోగాన్ని పుట్టిస్తున్న కారణాన్ని తొలగించుకోవాలని ఆయుర్వేదం బోధిస్తున్నది. దీనినే మన శాస్త్రం 'నిదాన పరివర్జనం' అన్నది. దగ్గు, ఆయాసం, కళ్ల మంట, తలనొప్పి వంటి బాధలతో నా వద్దకు వచ్చే గృహిణులను నేను అడిగే మొదటి ప్రశ్నలలో ఒకటి వారికి కొంత వింతగా తోస్తుంది. "అమ్మా! మీ వంటింటి పొగ ఎటు పోతున్నది?" అని అడుగుతాను. "చిమ్నీ ఉన్నదండీ" అని చాలామంది వెంటనే జవాబు చెబుతారు.

చిమ్నీ ఉండడం వేరు, పొగ బయటికి పోవడం వేరు. పొగగొట్టాన్ని ఎలా పరీక్షించుకోవాలో, ఎలా శుభ్రపరచుకోవాలో, ఏయే మరమ్మతులు అవసరమవుతాయో పాఠకులకు తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

ప్రాచీనుల దృష్టిలో పొగ

శ్వాసరోగాలకు కారణాలను చెబుతూ చరకాచార్యుడు ధూళిని, పొగను ముందు వరుసలో పేర్కొన్నాడు. సుశ్రుతాచార్యుడు పొగ బారిన పడినవాని లక్షణాలను సూత్రస్థానంలో ప్రత్యేకంగా వివరించాడు. ఊపిరి భారమవుతుంది, తుమ్ములు, దగ్గు వస్తాయి, కళ్లు ఎర్రబడి మండుతాయి, ఇతర వాసనలు, రుచులు తెలియకుండా పోతాయి. ఆ ఆచార్యుడే కల్పస్థానంలో రాజుల వంటశాల ఎలా ఉండాలో చెబుతూ, అది విశాలంగా, పరిశుభ్రంగా, గవాక్షాలతో ఉండాలని నిర్దేశించాడు.

వంటింటి మసిని మన వైద్యులు 'గృహధూమం' అనే పేరుతో ఔషధాలలో వాడినమాట నిజమే. చరకసంహితలో నోటి, గొంతు వ్యాధులకు చెప్పిన కాలక చూర్ణంలో అది ఒక ద్రవ్యం. అయితే అది కట్టెల పొయ్యి పైకప్పుకు పట్టిన పొడి మసి. నేటి చిమ్నీలో పేరుకునే మాడిన నూనె జిడ్డు అది కాదు. దానిని ఏ లేపంలోనూ, ఏ చిట్కాలోనూ వాడరాదు.

మసి వల్ల కలిగే హానిని పాశ్చాత్య వైద్యులు కూడా చాలాకాలం క్రిందటనే గుర్తించారు. ఇంగ్లండులో పసితనం నుంచి పొగగొట్టాలలోకి దిగి మసి దులిపిన వారికి వృషణాల తిత్తిపై క్యాన్సర్ రావడాన్ని పెర్సివల్ పాట్ అనే శస్త్రవైద్యుడు 1775లో లోకానికి తెలియజేశాడు. ఒక వృత్తికి, ఒక క్యాన్సర్‌కు ఉన్న సంబంధాన్ని చూపిన తొలి పరిశీలనలలో అది ప్రసిద్ధమైనది.

పెంకుటింటి నుంచి అపార్టుమెంటుకు

నేను వైద్యం చేస్తున్న పటమట, 1985లో విజయవాడ నగరంలో కలిసిన గ్రామ పంచాయతీలలో ఒకటి. పాతకాలపు పెంకుటిళ్లలో కట్టెల పొయ్యి, పొట్టు పొయ్యి, కుంపటి ఉండేవి. పొయ్యిపైన పొగగూడు ఉన్నా లేకపోయినా, పెంకుల సందుల నుంచి కొంత పొగ బయటికి పోయేది. గోడలు నల్లబడేవి, ఇల్లాలి కళ్లు నీళ్లు కారేవి. పొగ ఉన్నదని కంటికి తెలిసేది కనుక జనం దొడ్డి తలుపు తీసి వండుకొనేవారు.

ఇప్పుడు వంటిల్లు నాలుగు కాంక్రీటు గోడల నడుమ చేరింది. దోమల భయంతో కిటికీ మూసి ఉంటుంది. కట్టెల స్థానంలో గ్యాసు వచ్చింది. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన దీపం పథకం, 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ఉజ్జ్వల పథకం పేదల ఇళ్లకు కూడా గ్యాసును చేర్చాయి. ఇది గొప్ప మేలే. ఇళ్లలోని పొగ కాలుష్యం వల్ల 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ లెక్కను చూస్తే కట్టెల పొగ తగ్గడం ఎంత అవసరమో బోధపడుతుంది.

అయితే గ్యాసుకు పొగ లేదు కదా అని నిశ్చింతగా ఉండరాదు. గ్యాసు మంట నుంచి నైట్రోజన్ డయాక్సైడు, గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడు వెలువడుతాయి. అంతకు మించినది మన వంట తీరు. మిరపకాయల పోపు ఘాటు, వేపుళ్లు, సంక్రాంతికి బాణలిలో గంటల తరబడి కాగే అరిసెల నూనె, వీటి పొగ చిన్నది కాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో ప్రచురించిన సంపుటంలో, అధిక వేడిపై చేసే వేపుళ్ల పొగను 'మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి' వర్గంలో చేర్చింది. ఇంట్లో కట్టెలు కాల్చినప్పుడు వచ్చే పొగను కూడా ఆ వర్గంలోనే ఉంచింది.

పోషణ లేని పొయ్యి

పరికరం అమర్చి ఊరుకుంటే ఏమవుతుందో మన పొరుగు రాష్ట్రమైన ఒడిశాలో జరిగిన ఒక పరిశోధన స్పష్టంగా చూపింది. అక్కడి 44 గ్రామాలలో సుమారు 2,600 కుటుంబాలను ఆర్థికశాస్త్రవేత్తలు కొన్ని సంవత్సరాలపాటు గమనించారు. పొగగొట్టంతో కూడిన మెరుగైన మట్టి పొయ్యిలను ఆ కుటుంబాలకు అందించారు. మొదటి ఏడాది వంట చేసేవారు పీల్చే పొగ తగ్గింది. తరువాత ఆ మేలు కనుమరుగైంది. నాలుగేళ్లలో ఆరోగ్యంలో చెప్పుకోదగిన మార్పు కనిపించలేదు. పొయ్యిలను క్రమంగా వాడకపోవడం, సరిగా వాడకపోవడం, పగిలినవాటిని బాగుచేసుకోకపోవడం కారణాలని 2012లో వెలువడిన ఆ పరిశోధన తెలిపింది. పల్లెలోని మట్టి పొయ్యికి వర్తించిన ఈ సత్యమే పట్నంలోని కరెంటు చిమ్నీకీ వర్తిస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. పటమటలో ఒక అపార్టుమెంటులో నివసించే గృహిణి నాలుగు నెలలుగా పొడిదగ్గుతో బాధపడుతూ వచ్చారు. ఎక్స్‌రేలో దోషం లేదు. మందు వాడినన్నాళ్లు తగ్గి, మానగానే తిరగబెట్టేది. వంట చేసిన రోజులలో దగ్గు అధికమని, పుట్టింటికి వెళితే ఉండదని ఆవిడ మాటలలో తెలిసింది. ఇంటికి వెళ్లి చూడగా చిమ్నీ ఖరీదైనదే. దాని గొట్టం మాత్రం మూడు వంపులు తిరిగి, గిన్నెలు తోముకునే వరండాలో తెరుచుకున్నది. పురుగులు రాకుండా ఆ మూతికి ఎవరో దోమతెర కట్టారు. ఆ తెర రంధ్రాలు జిడ్డుతో పూర్తిగా పూడిపోయాయి. కొద్దిపాటి పొగ బయటికి వచ్చినా, పక్క కిటికీ నుంచి మళ్లీ లోపలికే చేరుతున్నది. గొట్టం మార్పించి, మూతిని బయటి గోడకు తిప్పించిన తరువాత మూడు వారాలలో దగ్గు బాగా తగ్గుముఖం పట్టింది. నేను మందు మార్చలేదు.

మీ చిమ్నీని మీరే పరీక్షించండి

గ్యాసు ఆపివేసి, చిమ్నీ వేసి, పొయ్యి ఎత్తున ఒక అగరువత్తి పట్టుకోండి. పొగ తిన్నగా పైకి లాగబడితే మంచిదే. పక్కలకు పరచుకుంటే దారి మూసుకొన్నదని అర్థం. పలుచని కాగితాన్ని జల్లెడకు ఆనించినప్పుడు అది అంటుకొని నిలవాలి, జారిపడరాదు. శబ్దం పెరగడం, జల్లెడ నుంచి నూనె చుక్కలు రాలడం, మరునాటి ఉదయానికి కూడా వంటింట్లో వేపుడు వాసన ఉండడం, అలమరాల తలుపులు జిడ్డుగా తగలడం, ఇవన్నీ చిమ్నీ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తులు.

మరొక సంగతి. బయటికి గొట్టమే లేకుండా, బొగ్గు జల్లెడతో గాలిని వడగట్టి తిరిగి గదిలోకే వదిలే చిమ్నీలు కొన్ని ఉన్నాయి. ఇవి వాసనను కొంత తగ్గిస్తాయి గాని తేమను, కార్బన్ మోనాక్సైడును తొలగించలేవు. ఆ బొగ్గు జల్లెడను కడగడానికి వీలులేదు. వాడకాన్ని బట్టి మూడు నుంచి ఆరు నెలలకు మార్చుకోవాలి. అటువంటి ఇంట్లో కిటికీ తప్పక తెరవాలి.

శుభ్రపరచే విధానం

నూనె చేరే గిన్నెను వారానికొకసారి ఖాళీ చేయాలి. ఆ నూనెను తూములో పోయకుండా, పాత కాగితంలో పీల్చుకోనిచ్చి చెత్తలో వేయాలి. జల్లెడలను నెలకొకసారి, వేపుళ్లు అధికంగా చేసే ఇంట్లో పదిహేను రోజులకొకసారి కడగాలి. ముందుగా ప్లగ్గు తీసివేయడం మరువరాదు.

కడగడానికి మన ఇంటి కుంకుడుకాయలు చక్కగా పనిచేస్తాయి. ఇరవై కాయలను గింజలు తీసి రాత్రి రెండు లీటర్ల నీటిలో నానబెట్టి, ఉదయం పావుగంట మరిగించి వడగట్టండి. జల్లెడపై ఉన్న జిడ్డును పాత కాగితంతో తుడిచి, శనగపిండి గాని తవుడు గాని అద్ది రుద్దితే చాలావరకు నూనె దానికి అంటుకొని వస్తుంది. తరువాత వేడి కుంకుడు రసంలో అరగంట నానబెట్టి మెత్తని కుంచెతో తోమండి. స్టీలు జల్లెడ అయితే ఆ రసంలో మూడు చెంచాల వంటసోడా కలుపుకోవచ్చు. అల్యూమినియం జల్లెడకు సోడా పనికిరాదు, అది నల్లబడి పాడవుతుంది. కాస్టిక్ సోడాను అసలే తాకనీయకండి. బ్లీచింగ్ పౌడరును వెనిగరుతో గాని, యాసిడ్‌తో గాని కలిపితే విషవాయువు పుడుతుంది. కుంకుడు రసం కంట పడకుండా జాగ్రత్త వహించండి. కడిగిన జల్లెడలను పూర్తిగా ఆరిన పిదపనే బిగించాలి.

మోటారుపై నీళ్లు చల్లరాదు. దానంతటదే శుభ్రపడుతుందని చెప్పే చిమ్నీలలో కూడా లోపలి జిడ్డు మాత్రమే కరుగుతుంది గాని గొట్టం శుభ్రపడదు. ఏడాదికొకసారి, సంక్రాంతి పిండివంటలకు ముందు, తెలిసిన మెకానిక్ చేత మోటారు రెక్కలను, గొట్టాన్ని విప్పించి శుభ్రం చేయించడం ఉత్తమం. గొట్టంలో పేరుకున్న నూనె జిడ్డుకు పొయ్యి మంట అంటుకుంటే నిప్పు పైకి పాకుతుంది. కనుక ఈ పని ఆరోగ్యానికే గాక ప్రాణరక్షణకు కూడా సంబంధించినది.

గొట్టం మరమ్మతులు

గొట్టం వంపులు ఎంత తక్కువగా ఉంటే అంత మేలు. ముడతలు పడే పలుచని గొట్టం కంటె నున్నని రేకు గొట్టం శ్రేష్ఠం. ముడతలలో జిడ్డు నిలుస్తుంది, బరువుకు గొట్టం నడుమ కుంగుతుంది. కొలత ఇస్తే రేకు పనివారు ఇటువంటి గొట్టం చేసి ఇస్తారు. పటమట పక్కనే ఆటోనగర్ ఉండగా మనకు ఆ పనివారి కొరత లేదు. చిమ్నీ మూతి ఎంత వెడల్పో గొట్టం కూడా అంతే ఉండాలి, మధ్యలో సన్నం చేయరాదు. అతుకులకు ప్లాస్టిక్ టేపు వేడికి నిలువదు. అల్యూమినియం రేకు టేపు చుట్టించాలి. బయటి మూతికి దోమతెర కట్టరాదు. పావురాలు గూడు పెట్టకుండా అర అంగుళం గళ్ల జాలీ చాలు. ఎదురుగాలి రాకుండా ఉండే రేకు తలుపు జిడ్డుకు అతుక్కొని ఉంటే విడిపించాలి.

గాలి బయటికి పోవాలంటే ఆ మేరకు గాలి లోపలికి రావాలి. కనుక పొయ్యికి దూరంగా ఉన్న కిటికీని కొద్దిగా తెరచి ఉంచండి. అన్నీ మూసి చిమ్నీ వేస్తే, స్నానాలగదిలోని గ్యాసు గీజరు పొగను అది ఇంట్లోకి లాగే ప్రమాదమున్నది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు. వంటకు ఐదు నిమిషాల ముందు చిమ్నీ వేసి, దించిన తరువాత పది నిమిషాలు ఉంచడం మంచి అలవాటు.

కట్టెల పొయ్యి ఉన్నవారికి

పెనమలూరు, కంకిపాడు, ఉయ్యూరు వైపు దొడ్లలో నీళ్లు కాచుకోవడానికి నేటికీ కట్టెల పొయ్యి వాడేవారున్నారు. పచ్చి కట్టె, తడిసిన కొబ్బరి మట్ట కాల్చితే మసి అధికంగా పడుతుంది. ఎండిన కట్టెనే వాడాలి. పొయ్యి చల్లారిన తరువాత, తాడుకు గోనెసంచి ముక్కను ముద్దగా కట్టి పొగగొట్టంలో పైకి కిందికి లాగితే మసి రాలుతుంది. నెలకొకసారి ఈ పని చేయండి. ముక్కుకు, నోటికి తడిగుడ్డ కట్టుకోండి. పిల్లలను దగ్గరకు రానీయకండి. పాత ఆస్‌బెస్టాస్ గొట్టాన్ని మాత్రం గీకడం, కోయడం, పగులగొట్టడం చేయరాదు. దాని ధూళి ఊపిరితిత్తులకు మిక్కిలి హానికరం.

పొగ తగిలినవారికి ఉపశమనం

ముందుగా స్వచ్ఛమైన గాలిలోకి రావాలి. కళ్లను చల్లని నీటితో కడుక్కోవాలి. గోరువెచ్చని ఉప్పు నీటితో పుక్కిలించడం, పసుపు వేసిన వేడి పాలు, తేనెతో సితోపలాది చూర్ణం గొంతుకు హాయినిస్తాయి. మధుమేహం ఉన్నవారు సితోపలాదిని వైద్యుని అడిగి వాడాలి, ఎందుకంటే అందులో ప్రధాన ద్రవ్యం కలకండ. ఏడాది లోపు శిశువులకు తేనె పెట్టరాదు. పిల్లికూతలు, ఆయాసం, రెండు వారాలు దాటిన దగ్గు, కఫంలో రక్తం ఉంటే చిట్కాలతో కాలయాపన చేయక వైద్యుని సంప్రదించాలి. గీజరు, బొగ్గుల కుంపటి ఉన్న గదిలో తల తిరిగి పడిపోయినవారిని తక్షణమే బయటికి తెచ్చి ఆసుపత్రికి చేర్చాలి.

శరీరంలో స్రోతస్సులు మూసుకుపోతే రోగం పుడుతుందని మన శాస్త్రం చెబుతుంది. ఇంటికి కూడా ఒక స్రోతస్సు ఉన్నది, అదే పొగగొట్టం. దానిని తెరచి ఉంచడానికయ్యే ఖర్చు కొన్ని కుంకుడుకాయలు, నెలకొక గంట శ్రమ, ఏడాదికొకసారి మెకానిక్ కూలి. ఆ శ్రమను ఇల్లాలికే వదలక ఇంటిలోని మగవారు, ఎదిగిన పిల్లలు కూడా పంచుకోవాలని నా మనవి. ఆ పొగను అందరికంటె ఎక్కువగా పీల్చేది అందరికీ వండిపెట్టే ఆమెయే గదా!