ఓడ కట్టిన చేతులు

విశాఖపట్టణమున నౌకా నిర్మాణశాలకు చేరువనున్న పేటను జనులు నేటికిని 'సింధియా' అనియే పిలుతురు. ఆ పేరుగల కంపెనీ వాటాలలో మూడింట రెండు వంతులు 1952లోను, తక్కినవి 1961లోను ప్రభుత్వపరమైనవి. యాజమాన్యము మారినను పేరు మాత్రము మారలేదు.

ఈ శాలలో పనిచేసి విశ్రాంతి పొందినవారు కలిసికొన్నప్పుడు మొదట క్షేమసమాచారములే వచ్చును: ఎవరికి మనుమడు పుట్టినాడు, ఎవరి చూపు మందగించినది, ఎవరు కాలము చేసిరి. ఆ పిమ్మట ఓడల ముచ్చట.

వాల్‌చంద్ హీరాచంద్ సంకల్పించిన ఈ శాలకు 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిరి. ఇచట రూపొందిన మొదటి ఓడ 'జల ఉష'. సుమారు 8,000 టన్నుల బరువు మోయగల ఆ నౌకను 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశము చేయించిరి.

ఈ పేర్లన్నియు చరిత్రలో కలవు. కాని ఆ ఓడకు ఇనుపరేకులు అతికిన కార్మికుల పేర్లు? వారిలో కడపటి పిన్నవాడైనను నేడు తొంబదియేండ్లు దాటియుండవలెను. వారి వెనుక చేరి పని నేర్చినవారి నోటనే ఆ పేర్లు మిగిలియున్నవి. ఒక్కొక్క మరణవార్తతో ఆ జాబితాలో ఒక్కొక్క పంక్తి చెరిగిపోవుచున్నది.

విద్యార్థులు ఒక్క ఆదివారము ఆ వృద్ధుల చెంత కూర్చుండి, వారు చెప్పిన పేర్లు వ్రాసికొనిన చాలును. అదియును చరిత్ర పాఠమే.